గౌను మునిగినా సెంటు తేలింది

అంగట్లోని సెంట్లన్నిటికంటే ఖరీదైనదని చాటుకుంటూ ఒక సెంటు మార్కెట్లోకి వచ్చింది. ఎప్పుడో తెలుసా? లోకమంతా దివాలా తీస్తున్నప్పుడు.

1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కుప్పకూలింది. గౌన్లు కుట్టించుకోవడానికి ఓడలెక్కి పారిస్ వచ్చే అమెరికా శ్రీమంతుల ఇల్లాళ్లు రావడం మానేశారు. వాళ్ల మీదే బతికే ఫ్యాషన్ దొరల్లో జాన్ పతూ ఒకడు. మామూలు వ్యాపారి అయితే ధర తగ్గిస్తాడు, లేదా సరుకు పలచన చేస్తాడు. పతూ రెండూ చేయలేదు. 1930లో ‘జాయ్’ అనే సెంటు దింపి, ప్రపంచంలో ఇంతకన్నా ఖరీదైనది లేదని ప్రకటనలు వేయించాడు. సెంటు కూర్చింది ఆంరీ అల్మెరాస్. 30 మిల్లీలీటర్ల బుడ్డికి 10,600 జాజిపూలు, 28 డజన్ల గులాబీలు పడతాయని కంపెనీ గొప్పగా చెప్పుకునేది.

గౌను కొనే తాహతు పోయిన పాత ఖాతాదారులకి ఈ బుడ్డిని కానుకగా పంపాడని పతూ ఇంటి కథ. అందులో నిజమెంతో గానీ, ఎత్తుగడ మాత్రం గట్టిది: గౌను తర్వాత చూద్దాం, ముందు నా పేరు మీ అద్దం బల్ల మీద ఉండనివ్వండి అని. పతూ 1936లో పోయాడు. బుడ్డి మాత్రం ఎనభై ఏళ్లకి పైగా అమ్ముడైంది. 2018లో పతూ పేరుని విలాస వస్తువుల కంపెనీల గుంపు ఎల్‌వీఎంహెచ్ కొనేసింది. అదే ఏడాది ‘జాయ్’ అనే పేరు అదే గుంపులోని డియోర్ సీసా మీదికి ఎక్కింది. లోపలి వాసన మాత్రం వేరు.

✦

10,600 పూలంటే ఎన్ని? జాజిపూలు కిలోకి ఎనిమిది నుంచి పది వేల దాకా తూగుతాయి. అంటే కిలో పైచిలుకు. కూతురికి పూలజడ అల్లించిన తల్లిని అడగండి, ఆ బరువేమిటో చెబుతుంది. అంత బుట్ట పూలు పిండితే అరచేతిలో ఇమిడే బుడ్డి.

దక్షిణ ఫ్రాన్సులోని గ్రాస్ ఊరి చుట్టూ తోటల్లో ఈ పూలని తెల్లవారుజామునే కోస్తారు. ఎండ ముదిరితే వాసన దిగిపోతుంది. కిలో సారం కావాలంటే వందల కిలోల పూలు కావాలి. అక్కడ కూలి పెరిగి, భూములు ఇళ్ల స్థలాలై, తోటలు కుంచించుకుపోయాయి. ఇప్పుడు పారిస్ సెంట్లకి జాజీ మల్లే ఎక్కడి నుంచి వెళ్తున్నాయనుకున్నారు? ఈజిప్టు నుంచి, మన పొరుగున తమిళనాడు నుంచి. మన ఇళ్లలో జడల్లో వాడిపోయే పూల అక్కచెల్లెళ్లే అవి.

✦

సొంతంగా సెంటు అమ్మిన మొదటి పారిస్ ఫ్యాషన్ దొర పతూ కాదు, పాల్ పొయరే. అది 1911. అయితే ఒక్క పొరపాటు చేశాడు, సీసాల మీద తన పేరు పెట్టుకోకుండా కూతురి పేరు ‘రోజీన్’ పెట్టాడు. గౌన్ల కీర్తి ఒకచోట, సెంటు పేరు ఇంకొకచోట. 1929లో ఫ్యాషన్ హౌస్ మూతపడింది. 1944లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయాడు.

✦

పేరు సంగతి బాగా తెలిసిన మనిషి గాబ్రియెల్ షానెల్. 1921లో ఎర్నెస్ట్ బో చేసిచ్చిన సెంటుకి తన పేరే పెట్టింది, పక్కన ఒక అంకె: షానెల్ నంబర్ 5. కానీ వాటాల దగ్గర తప్పటడుగు వేసింది. 1924లో సెంటు కంపెనీ పెట్టినప్పుడు 70 శాతం వ్యాపారులైన వెర్తైమర్ అన్నదమ్ములది, 20 శాతం గాలరీ లఫాయెత్ దుకాణం యజమానిది. పేరు గల అమ్మగారికి దక్కింది పది. సెంటు ఊరూరా అమ్ముడవుతుంటే ఆ పది శాతం ఆవిడకి ముల్లులా గుచ్చుకుంది. కోర్టులకెక్కింది. జర్మన్లు పారిస్‌ని పట్టుకున్నాక, వెర్తైమర్లు యూదులు కనుక నాజీ చట్టాల అండతో కంపెనీని లాక్కోవాలని కూడా చూసింది. వాళ్లు ముందే గ్రహించి వాటాలని యూదేతరుడైన ఓ మిత్రుడి పేరున రాసేసి అమెరికా వెళ్లిపోయారు. సెంటు కథల్లో ఈ పుట ఎవరూ గట్టిగా చదవరు.

1939లో యుద్ధం రాగానే షానెల్ కుట్టు గదులకి తాళం వేసింది. కాంబాన్ వీధిలో 31వ నంబరు ఇంటి కింద సెంటు దుకాణం మాత్రం తెరిచే ఉంది. 1944లో పారిస్‌కి విముక్తి కలిగాక ఆ గుమ్మం ముందు క్యూ కట్టింది అమెరికా సైనికులు, ఇంటికి పట్టుకెళ్లే బుడ్డి కోసం. పదిహేనేళ్ల మూత తర్వాత 1954లో ఆవిడ మళ్లీ కత్తెర పట్టింది. అప్పుడావిడ వయసు డెబ్బై. పారిస్ పత్రికలు పెదవి విరిచాయి. ఖర్చు పెట్టుకున్నది మాత్రం ఎవరో కాదు, ఆవిడ జీవితమంతా దెబ్బలాడిన పియెర్ వెర్తైమర్. ఆ డబ్బు సెంటు సంపాదించినదే. ఇవాళ్టికీ షానెల్ ఆ కుటుంబం చేతిలోనే ఉంది.

నంబర్ 5 అసలు సారం సీసా మూసే పద్ధతి చూస్తే మనవాళ్లకి ముచ్చటేస్తుంది. మెడ మీద పలచటి పొర పరిచి, నల్ల నూలు దారం చుట్టి ముడేసి, మైనం మీద ముద్ర గుద్దుతారు. అంతా చేతిపనే. ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు!

✦

ఇంతకీ చెడ్డ రోజుల్లో గౌనుకి లేని బలం సెంటుకి ఎక్కడిది? గౌనుకి కొలతలున్నాయి. సన్నవాళ్ల సైజు అయిపోతుంది, బొద్దువాళ్ల సైజు మిగిలిపోతుంది. సీజన్ దాటితే సగం ధరకి తోసేయాలి. బట్టల కొట్టువాళ్ల ఆషాఢం కష్టాలు మనకి తెలియనివా! సెంటుకి సైజు లేదు, చేతులు పొడుగనీ నడుము బిగువనీ వాపసు రాదు. నిరుడు కూర్చిన వాసననే ఈ ఏడూ అమ్మొచ్చు, పాతికేళ్ల తర్వాతా అమ్మొచ్చు.

పైగా చాలా ఫ్యాషన్ హౌస్‌లు సెంటు తయారీ జోలికే పోవు. పేరుని లైసెన్సుకిచ్చి రాయల్టీ తీసుకుంటాయి. అర్మానీ, ప్రాదా సెంట్లు లోరియాల్‌వి. ఆ వాసనని కూర్చేది చాలాసార్లు స్విట్జర్లాండ్ జివోదాన్ లాంటి మూడో కంపెనీ ఉద్యోగి. ఫ్యాషన్ షోలో చివర్న వచ్చి దండం పెట్టే డిజైనర్ ఆ సీసాని ఎన్నిసార్లు వాసన చూశాడో ఆయనకే తెలియాలి.

✦

ఎల్సా స్కియాపరెల్లి 1954లో ఫ్యాషన్ హౌస్ మూసేసింది. ఆవిడ ‘షాకింగ్’ సెంటు 1937 నాటిది, హాలీవుడ్ తార మే వెస్ట్ ఒంటి కొలతల మీద పోసిన సీసా. బట్టలు లేని ఆ పేరుని జనం నోట నిలబెట్టింది సెంట్లే. 2012లో గానీ పారిస్‌లో ఆ తలుపులు మళ్లీ తెరుచుకోలేదు.

రోషా అనే ఫ్యాషన్ హౌస్ కథ ఇంకా విడ్డూరం. వాళ్ల ‘ఫామ్’ సెంటుని ఎద్మోం రుద్‌నిత్‌స్కా యుద్ధకాలం పారిస్‌లో, ఒకవైపు చెత్తకుప్ప, ఇంకోవైపు రంగుల కర్మాగారం ఉన్నచోట కూర్చి పెట్టాడు. ముక్కు అంటే అది! తర్వాత్తర్వాత ఆ కంపెనీ చేతులు మారి 2003లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ పాలిట పడింది. ఏరియల్ పొడి, ప్యాంపర్స్ చేసేవాళ్లకి గౌన్లతో ఏం పని? 2006లో విమర్శకులు మెచ్చుకుంటుండగానే బట్టల విభాగం ఎత్తేశారు. సెంట్లు ఉంచుకున్నారు.

✦

సెంటు నిలవనివాడి గతి? క్రిస్టియన్ లక్రువా. 1987లో ఆయన ఫ్యాషన్ హౌస్ మొదలైనప్పుడు ఒక్క సెంటు నిలదొక్కుకుంటే చాలు, గౌన్ల ఖర్చు అదే చూసుకుంటుందని పెట్టుబడి పెట్టినవాళ్ల ఆశ. 1990లో ‘సె లా వీ’ వచ్చింది. ఫ్రెంచిలో దానర్థం దాదాపుగా మన ‘ఏం చేస్తాం, జీవితం ఇంతే’ అన్నది. అన్నంత పనీ అయింది, చతికిలబడింది. రెండు దశాబ్దాలు నష్టాల్లోనే ఈది, 2009 మేలో దివాలా రక్షణ కోసం కోర్టు గుమ్మం ఎక్కారు. ఆ జులైలో ఆయన ఆఖరి షోకి పనివాళ్లూ మోడళ్లూ దాదాపు ఊరికే పనిచేసినంత చేశారు.

 

✦

2008లో లేమాన్ బ్రదర్స్ బ్యాంకు కూలి, మదుపర్లు బంగారం కోసం ఎగబడ్డ ఆ ఏడాదే, పాకో రబాన్ వాళ్లు మగవాళ్ల సెంటు ఒకటి తెచ్చారు. పేరు ‘వన్ మిలియన్’. సీసా ఆకారం బంగారు కడ్డీ! ముందే గీసుకున్న నమూనా గనుక ముహూర్తం కుదిరింది అనాలి. నిజం కడ్డీ కొనలేని కుర్రాళ్లంతా దాన్ని కొన్నారు.

✦

మాంద్యం వస్తే లిప్‌స్టిక్ అమ్మకాలు పెరుగుతాయనే మాట మీరు వినే ఉంటారు. 2001లో ఎస్టీ లాడర్ కంపెనీ అధిపతి లియోనార్డ్ లాడర్ దానికి ‘లిప్‌స్టిక్ సూచీ’ అని పేరు పెట్టాడు. లిప్‌స్టిక్ అమ్ముకునేవాడు లిప్‌స్టిక్‌ని సూచీ చేయడంలో ఆశ్చర్యం లేదు. లెక్కలు తీసినవాళ్లకి అది ప్రతిసారీ నిలబడలేదు. కరోనాలో మూతికి మాస్కు పడ్డాక మొత్తంగా తిరగబడింది. 2021లో అమెరికాలో ఎగసింది పెర్‌ఫ్యూమ్ అమ్మకాలు. వీడియో కాల్‌లో అవతలివాడికి వాసన రాదు గదా, ఎవరి కోసం కొట్టుకున్నారంటే తమ కోసమే.

✦

చిన్న బుడ్డి సూత్రం మన చార్మినార్ దగ్గరా ఉంది. అత్తరు తులాల లెక్క. తులం సుమారు 12 మిల్లీలీటర్ల బుడ్డి, అరతులం 6, పావుతులం 3. జేబుని బట్టి బుడ్డి. మొన్న పత్తర్‌గట్టి వైపు ఓ కొట్టులో ఊద్ ధర అడిగి, గుండె ఆగి, “అమ్మో, వద్దులెండి” అన్నాను. పెద్దాయన విసుక్కోలేదు. గాజు పుల్లని ఖస్, అంటే వట్టివేరు అత్తరు సీసాలో ముంచి నా మణికట్టు వెనక గీత గీశాడు. “రుద్దకండి సార్, ఆరనివ్వండి,” అన్నాడు. పావుతులం కట్టించుకుని బస్సెక్కాను. అబిడ్స్ దాటేసరికి పక్క సీట్లో ఆయన కిటికీ వైపు తిరిగి, “వాన పడిందాండీ ఎక్కడైనా?” అని అడిగాడు.