వీసా నియమాన్ని మార్చమని అడిగేదెవరు?

నంద్యాలలో గానీ ఆళ్లగడ్డలో గానీ ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చదివేటప్పుడు ఈమధ్య వీసా మాట లేకుండా వారం గడవడం లేదు. ఒకరి కుమార్తెకు హైదరాబాదు కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. ఒకరి అల్లునికి హెచ్-1బి లాటరీ. ఇంకొకరి కొడుకు, కోడలు పదేళ్లుగా గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నారు. సంఘమంతా ప్రార్థిస్తుంది. వీసా వస్తే కృతజ్ఞతా కానుకతో పాటు సాక్ష్యం వస్తుంది. రాకపోతే ఆఫీసరు మనసు కఠినమైందని ఊరుకుంటాం. ఆ ఆఫీసరు చేతిలో ఉన్న నియమం ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని మార్చమని అడిగే దారి ఏదైనా ఉందా అన్న సంగతి మాత్రం దాదాపు చర్చకు రాదు.

దారి ఉంది. ఆ దారిలో నడిచేవాళ్లలో ముఖ్యులు అమెరికాలోని ఇమ్మిగ్రేషన్ లాయర్లు. వాళ్ల సంఘం పేరు అమెరికన్ ఇమ్మిగ్రేషన్ లాయర్స్ అసోసియేషన్, పొట్టిగా ‘ఐలా’. 1946లో ఏర్పడింది. సభ్యులు 15,000 మందికి పైనే. క్లయింటు ఫైలు నింపి ఫీజు తీసుకోవడంతో వీళ్ల పని అయిపోదు. వీసాలు చూసే విదేశాంగ శాఖ అధికారులతోనూ, దరఖాస్తులు పరిశీలించే యూఎస్‌సీఐఎస్ అధికారులతోనూ సమావేశాలు కోరతారు, ప్రశ్నలు రాసి పంపుతారు. అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ సభ్యుల కార్యాలయాలకు వెళ్తారు. చెప్పిన మాట చెవికెక్కకపోతే కోర్టు తలుపు తడతారు.

అధికారుల దగ్గరికి వెళ్లి మాట్లాడటం అనగానే మనకు తోచేది పైరవీ. ఇది అది కాదు. పైరవీ ఒక్క మనిషి ఫైలు కోసం, తలుపు వేసుకుని, కాగితం లేకుండా జరుగుతుంది. లాయర్లు చేసేది ఒక నియమం గురించి, దాని కింద నలిగే అందరి కోసం, కాగితం మీద. బైబిలు చదివేవారికి సంఖ్యాకాండము 27వ అధ్యాయంలోని సెలోపెహాదు కుమార్తెలు గుర్తుండే ఉంటారు. ఆ ఐదుగురు అక్కచెల్లెళ్లు ప్రత్యక్షపు గుడారము ద్వారం దగ్గర మోషే ఎదుట, యాజకుని ఎదుట, పెద్దల ఎదుట, సమాజమంతటి ఎదుట నిలబడి తమ తండ్రి స్వాస్థ్యం అడిగారు. వాళ్లకు భూమి దొరకడంతో ఆ సంగతి ముగియలేదు, ఇశ్రాయేలు అంతటికీ అది కట్టడ అయింది. ఇక్కడ చెప్పుకుంటున్న పని ఆ కోవలోది.

మన తెలుగు ఇళ్లకు బాగా తెలిసిన హెచ్-4 కథ చూద్దాం. హెచ్-1బి మీద ఉద్యోగం చేసే భర్తతో వెళ్లిన భార్యకు హెచ్-4 వీసా ఇస్తారు. చాలాకాలం దాని మీద ఉద్యోగం చేసే వీల్లేదు. ఇక్కడ బీటెక్, ఎంసీఏ చదివి, కొందరు బ్యాంకుల్లో కాలేజీల్లో పనిచేసి వెళ్లిన అమ్మాయిలు అక్కడ సొంత పేరుతో జీతం లేకుండా ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్నారు. ఏళ్ల తరబడి ఎందుకంటే, 1990 నవంబరులో వచ్చిన అమెరికా చట్టం ప్రకారం ఉద్యోగాల కోటాలో ఏటా దాదాపు 1,40,000 గ్రీన్ కార్డులు, కుటుంబ సభ్యులతో కలిపి. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదు. కోటి మంది లేని దేశానికీ 140 కోట్ల భారతదేశానికీ అదే పరిమితి. హెచ్-1బికి ఇప్పటి రూపం ఇచ్చిందీ ఆ చట్టమే. సరిగ్గా మరుసటి ఏడాది నవంబరులో నంద్యాల ఓటర్లు ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావు గారిని లోక్‌సభకు పంపారు. ఆయన హయాంలో ఇక్కడ ఆర్థిక తలుపులు తెరుచుకున్నాయి, అక్కడ ఆ వీసా తలుపు తెరిచే ఉంది. మన పిల్లలు సాఫ్ట్‌వేర్ బాట పట్టింది ఆ రెండు తలుపుల మధ్య నుంచే అనవచ్చు.

అమెరికా ప్రభుత్వం 2014 మేలో ఒక ప్రతిపాదన ప్రచురించింది: గ్రీన్ కార్డుకు ఐ-140 అనే తొలి మెట్టు దాటినవారి జీవిత భాగస్వాములకు పని అనుమతి ఇద్దామని. అక్కడ శాఖలు సాధారణంగా కొత్త నియమాన్ని నేరుగా అమలు చేయలేవు. ముసాయిదా ప్రచురించి, గడువు పెట్టి, ప్రజల అభిప్రాయాలు తీసుకోవాలి. ముఖ్యమైన అభ్యంతరాలకు తుది నియమంలో జవాబు రాయాలి. జవాబు రాయకపోతే ఆ కారణం మీదే కోర్టు కొట్టేయవచ్చు. హెచ్-4 ప్రతిపాదన మీద దాదాపు 13,000 అభిప్రాయాలు వచ్చాయి. లాయర్లు చట్టం మాట్లాడారు, భార్యలు తమ జీవితం రాశారు. నా ఉద్దేశంలో రెండోది లేకపోతే మొదటిది బలహీనమే. 2015 మే 26న నియమం అమల్లోకి వచ్చింది.

అంతటితో అయిపోలేదు. సేవ్ జాబ్స్ యూఎస్ఏ అనే సంస్థ అప్పటికే కోర్టుకు వెళ్లింది, అమెరికన్ల ఉద్యోగాలు పోతాయని. 2017లో వచ్చిన ప్రభుత్వం ఆ అనుమతినే తీసేస్తామంది. 2019 ఫిబ్రవరిలో రద్దు ముసాయిదా వైట్‌హౌస్ బడ్జెట్ కార్యాలయం పరిశీలనకు వెళ్లింది. ఆ దశలో కూడా ఎవరైనా సమావేశం కోరి తమ మాట చెప్పుకోవచ్చు, ఎవరెవరు కలిశారో ఆ కార్యాలయం బహిరంగంగా నమోదు చేస్తుంది. ఆ ముసాయిదా అక్కడే ఉండిపోయి, 2021 జనవరిలో వెనక్కి వెళ్లింది. 2024 ఆగస్టులో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు అనుమతిని సమర్థించింది, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద విచారణకు నిరాకరించింది. లెక్క వేస్తే పదేళ్ల పైమాట. ఆ పదేళ్లలో ప్రతి మలుపులోనూ కాగితం పట్టుకుని నిలబడిన లాయర్లు, భార్యల బృందాలు లేకపోతే నియమం నిలిచేదా అన్నది సందేహమే.

7 శాతం గోడ మాత్రం కదల్లేదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో మన తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్ కాల్పుల్లో చనిపోయారు. ఆయన భార్య సునయన దుమాల గారికి ఆ దుఃఖంలోనే ఇంకో దెబ్బ తగిలింది: ఆమె అక్కడ ఉండే హక్కు భర్త మీద ఆధారపడింది కనుక అదీ పోయింది. లాయర్లు, అక్కడి కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకుంటే ఆమె తిరిగి వెళ్లగలిగారు. తర్వాత యోడర్ దేశాలవారీ పరిమితి తీసేసే బిల్లును భుజానికెత్తుకున్నారు. ఆయన పదవి పోయాక 2019 జూలైలో అలాంటి బిల్లు ప్రతినిధుల సభలో 365–65 ఓట్లతో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేట్ వేరే రూపంలో ఆమోదించింది. రెండూ కలవక బిల్లు చచ్చిపోయింది. అడ్డుపడిన వాళ్లందరూ మనవాళ్లంటే గిట్టనివాళ్లు అనుకోకూడదు. మొత్తం కార్డులు పెంచకుండా పరిమితి తీస్తే, నర్సులూ ఇతర దేశాలవారూ మన వెనుక క్యూలో చేరతారు. వాళ్ల భయంలో న్యాయం ఉంది.

2025 వసంతకాలంలో జరిగింది చాలామంది తల్లిదండ్రులకు ఇంకా గుండెదడే. మార్చి, ఏప్రిల్ నెలల్లో వేలాది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులను అమెరికా ప్రభుత్వం కొట్టేసింది. సెవిస్ అంటే విద్యార్థి చట్టబద్ధంగా చదువుకుంటున్నాడని చూపే కంప్యూటర్ ఖాతా. అది పోతే చదువూ, చదువు తర్వాత చేసే ఓపీటీ ఉద్యోగమూ పోయినట్టే. చాలామందికి కారణం కూడా చెప్పలేదు. ఐలా తన సభ్యుల ద్వారా 327 కేసుల వివరాలు సేకరించి ప్రచురించింది. అందులో సగం మంది భారతీయులు. వీళ్లు నిరసనల్లో పాల్గొన్నవాళ్లు అన్న ప్రచారానికి భిన్నంగా, అలాంటి చరిత్ర ఉన్నవాళ్లు ఇద్దరే తేలారు. ఎక్కువమందిది ఎప్పుడో పోలీసులు ఆపిన చిన్న సంగతి, అదీ చాలా కేసుల్లో కొట్టేసినదే. దేశమంతటా కోర్టుల్లో పిటిషన్లు పడ్డాయి, జడ్జీలు స్టేలు ఇచ్చారు. ఏప్రిల్ 25న ప్రభుత్వ న్యాయవాదులు రికార్డులు తిరిగి పెడతామని కోర్టుకు చెప్పారు. పాస్‌పోర్టులోని వీసా రద్దయినవారికి అది మాత్రం దానితో పాటు తిరిగి రాలేదు.

ప్రతిసారీ ఇలా జరగదు. 2025 సెప్టెంబరు 19న హెచ్-1బికి లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు, పాతవారికీ వర్తిస్తుందేమోనని జనం హడలిపోయారు. కొత్త దరఖాస్తులకే అని మర్నాడు అధికారులు వివరణ ఇచ్చారు. అక్కడే చదువుకుని వీసా మార్చుకునేవారికి లేదని అక్టోబరులో మరో వివరణ వచ్చింది. రుసుమే చెల్లదన్న ఒక వాదనను డిసెంబరులో వాషింగ్టన్ జిల్లా కోర్టు తోసిపుచ్చింది.

సంఘాలకు నేరుగా తగిలే విషయం మత సేవకుల ఆర్-1 వీసా. దీని మీద ఐదేళ్లకు మించి ఉండరాదు. గ్రీన్ కార్డుకు దరఖాస్తు చేసుకున్నా, 2023 మార్చిలో విదేశాంగ శాఖ లెక్క కట్టే పద్ధతి మార్చడంతో ఆ వరుస అమాంతం పొడుగైంది. ఐదేళ్లు నిండిన పాస్టరు, ఫాదరు, సిస్టరు సంఘాన్ని వదిలి దేశం బయట ఒక ఏడాది గడపాల్సి వచ్చేది. న్యూజెర్సీలోని ప్యాటర్సన్ క్యాథలిక్ డయాసిస్ 2024లో దావా వేసింది. 2025 ఏప్రిల్‌లో సెనేటర్లు టిమ్ కెయిన్, సూసన్ కాలిన్స్, జిమ్ రిష్ రెండు పార్టీల తరఫున బిల్లు పెట్టారు. ప్రభుత్వం పరిష్కారం చూపుతుందన్న నమ్మకంతో డయాసిస్ దావా ఉపసంహరించుకుంది. 2026 జనవరిలో ఆ ఏడాది పాటు బయట గడపాలన్న షరతు తీసేస్తూ నియమం వచ్చింది. ఐదేళ్ల హద్దు అలాగే ఉంది, కానీ వెళ్లిన సేవకుడు త్వరగా తిరిగి రావచ్చు.

ఈ లాయర్లు చేయలేని పని కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో డబ్బు పోయేది అక్కడే. హైదరాబాదు కాన్సులేట్ కౌంటరులో 214(బి) అని చెప్పి కాగితం చేతిలో పెడితే దాని మీద అప్పీలు లేదు. మళ్లీ ఫీజు కట్టి మళ్లీ వెళ్లడమే. కాన్సులర్ ఆఫీసరు నిర్ణయంలో అమెరికా కోర్టులు కూడా దాదాపు వేలు పెట్టవు. కనుక "లోపల మా మనిషి ఉన్నాడు, మాట్లాడిస్తాం" అనే కన్సల్టెన్సీ అమ్ముతున్నది లేని సరుకు. ఫామ్ నింపిపెట్టే ఏజెంటు లాయరు కాదు. అమెరికా లాయరుకు ఏదో ఒక రాష్ట్ర బార్ లైసెన్సు ఉంటుంది, పేరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బండారం బయటపడింది. ఇమ్మిగ్రేషన్ పోలీసులే ఉచ్చుగా నడిపిన ఆ తరగతుల్లేని బడిలో దాదాపు 600 మంది చేరారు, ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. చేర్పించి కమీషన్ తిన్నందుకు పట్టుబడిన 8 మంది దళారుల్లోనూ తెలుగువాళ్లే ఎక్కువ. తెలుగు సంఘాలు అప్పుడు లాయర్లను పంపాయి. కొందరిని డిటెన్షన్ నుంచి బయటికి తేగలిగారు, పోయిన స్టేటస్‌ను మాత్రం చాలామందికి తేలేకపోయారు. కట్టిన ఫీజు కోసం ఒక విద్యార్థి వేసిన దావా ముందుకు సాగవచ్చని అప్పీళ్ల కోర్టు చెప్పింది 2024 జూన్‌లో, ఐదేళ్ల తర్వాత.

2025 ఆగస్టు 28న ఇంకో ముసాయిదా వచ్చింది: విద్యార్థి చదువు సాగినంతకాలం ఉండవచ్చన్న పాత పద్ధతి తీసేసి, గరిష్ఠంగా నాలుగేళ్ల గడువు పెట్టాలని, ఆపైన పొడిగింపు కోరాలని. అభిప్రాయాలకు 30 రోజులు ఇచ్చారు. ఇలాంటి ముసాయిదాల మీద రాయడానికి అమెరికా పౌరులై ఉండనక్కరలేదు, రుసుము లేదు, లాయరు అవసరమూ లేదు. రెగ్యులేషన్స్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఇంగ్లిషులో రాయాలి. సంజీవనగర్‌లో ఉండే తండ్రి అయినా, ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే తండ్రి అయినా, కొడుకు చదువుకు బ్యాంకులో ఎంత అప్పు తీసుకున్నదీ, కోర్సు ఎన్ని నెలలదీ, మధ్యలో గడువు ముగిస్తే ఏ సెమిస్టరు పోతుందో అంకెలతో రాసి పంపితే, అది కూడా దాఖలాలో చేరుతుంది.