ఎండ ఎక్కకముందే కొండ దిగాలి

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ నగరాన్ని చుట్టుకుని ఉన్న ఎడారి కొండలు చలికాలమంతా నడిచేవాళ్లతో, సైకిళ్లతో, గుర్రపు రౌతులతో కళకళలాడతాయి. అక్కడి పద్ధతి తెలుసుకుని వెళ్తే అంతకు మించిన ఆటవిడుపు ఉండదు.

ఫీనిక్స్‌లో ఏడాదికి కురిసే వాన సుమారు 180 మిల్లీమీటర్లు. మన అనంతపురం వానలో అది మూడో వంతే. అయినా సోనోరాన్ ఎడారి కొండవార పచ్చగానే కనిపిస్తుంది. ఆ కొద్దిపాటి వానా రెండు విడతలుగా పడడం దానికి ఒక కారణం: చలికాలంలో నెమ్మదిగా, వేసవి చివర ఉరుములతో. మన పొలం గట్లమీది నాగజెముడు ఇక్కడి బాటల పక్కన విరగకాస్తుంది. దాని పుట్టిల్లు అమెరికా ఖండాలే.

ఎనిమిదేళ్లకు అంగుళంన్నర

ఈ కొండలకు పెద్దదిక్కు సాగ్వారో. ఇంత ఎత్తయిన జెముడు జాతి ప్రపంచంలో అరుదు. పాలో వెర్డే లాంటి చెట్ల నీడన మొలిచి, మొదటి ఎనిమిదేళ్లలో అంగుళంన్నరకు మించి ఎదగదు. తొలి కొమ్మ వేయడానికి 50 నుంచి 100 ఏళ్లు పడుతుంది. అడ్డదారిన వేసిన ఒక్క అడుగు కింద ఎన్నో ఏళ్ల ఎదుగుదల నలిగిపోవచ్చు. బాట దిగవద్దని చెప్పడం అందుకే.

జనం కొన్న కొండలు

ఫీనిక్స్ పక్కనే ఉన్న స్కాట్స్‌డేల్‌లో, మెక్‌డవెల్ కొండల దాకా ఇళ్లు పాకుతుంటే ఊరివాళ్లు ఊరుకోలేదు. భూములు కొనడానికి అమ్మకం పన్ను పెంచుకుందామని 1995లో ఓటేసి ఒప్పుకున్నారు. అలా కూడిన మెక్‌డవెల్ సోనోరాన్ ప్రిజర్వ్ నేడు 30 వేల ఎకరాలు దాటింది. అందులో 350 కిలోమీటర్లకు పైగా కాలిబాటలున్నాయి. కొత్తవాళ్లకు చదునుగా ఉండే బ్రౌన్స్ రాంచ్ వైపు బాటలు హాయి. కాళ్లలో సత్తువ ఉంటే టామ్స్ థంబ్ దారి పట్టవచ్చు. సైకిలు అందరికీ దారివ్వాలి, నడిచేవారు గుర్రానికి దారివ్వాలి. చోయా అనే జెముడు ముళ్లు ఒంటికి అంటుకుంటే చేత్తో లాగకూడదు. దువ్వెనతో ఎగదోయాలి.

పొడి చొక్కా చేసే మోసం

2023 వేసవిలో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటాయి. రెంటచింతల ఎండలు చూసినవాళ్లం, ఇదెంతలే అనుకుంటే ప్రమాదం. ఆ పొడి గాలికి చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, ఒంట్లో నీరు మాత్రం హరించుకుపోతుంది. అందుకే 2021 నుంచి, తీవ్రమైన వేడి హెచ్చరిక ఉన్న రోజుల్లో కేమెల్‌బ్యాక్ లాంటి కొండల బాటలను నగరపాలక సంస్థ పగటి పూట మూసేస్తోంది. 38 డిగ్రీలు చేరితే కుక్కలను కూడా ఫీనిక్స్ బాటల మీదికి తీసుకెళ్లనివ్వరు.

తెచ్చుకున్న నీళ్లు సగం అయ్యేలోపే వెనుదిరగాలి. శిఖరం ఎంత దగ్గరగా కనిపించినా సరే. వర్షాకాలంలో ఎండిన వాగుల్లో ఆగకూడదు. ఎక్కడో కొండమీద కురిసిన వాన, తలమీద మబ్బు లేకపోయినా, ఒక్కసారిగా ముంచుకొస్తుంది.

ఎప్పుడు రావాలి?

ఫీనిక్స్ చుట్టుపక్కల ఊళ్లయిన చాండ్లర్, గిల్బర్ట్, టెంపీల్లో మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. పిల్లల బడి సెలవులు చూసుకుని ఊరినుంచి అమ్మానాన్నలను మే, జూన్‌లలో పిలిపించుకునే ఇళ్లెన్నో. వాళ్లు వచ్చాక ఆ మండుటెండలకు ఇల్లు కదలలేరు, గుమ్మానికి అంత దగ్గరున్న కొండలను కారు అద్దంలోంచి చూసి వెళ్లిపోతారు. నవంబరు నుంచి మార్చి దాకా అయితే తెల్లవారి నడక పెద్దవాళ్లకు కూడా సుఖమే. వానలు కలిసొచ్చిన ఏడాది మార్చిలో కొండవార అంతా పసుపుపచ్చని పూలు పరుచుకుంటాయి. ఈసారి వాళ్లకు టికెట్లు చలికాలానికి తీయండి.