పోటు వేళకు యానాం

కాకినాడలో బస్సెక్కి 216 జాతీయ రహదారి మీద కోనసీమ వైపు వెళ్తుంటే, తాళ్లరేవు దాటాక ఒకచోట ఆంధ్రప్రదేశ్ అయిపోతుంది. బస్సు ఆగదు, కండక్టరు చెప్పడు. కొబ్బరి చెట్లు అవే, వరి చేలు అవే, మాట చివర "ఆయ్" కూడా అదే. మారేది బండి నంబరు ప్లేటు ఒక్కటే. ఏపీ పోయి పీవై వస్తుంది. పెట్రోలు బంకుల దగ్గరా మద్యం దుకాణాల దగ్గరా మాత్రం ఏపీ బళ్లే ఎక్కువ కనిపిస్తాయి. యానాం అంటే చాలామందికి తెలిసింది ఇంతే. పన్ను తక్కువ, ధర తక్కువ, శనివారం వెళ్లి ఆదివారం వచ్చేయొచ్చు.

దానికోసమే వెళ్లేవాళ్లకి ఈ కథనంతో పనిలేదు. మిగతావాళ్లకి ఒక్క సలహా. హోటల్ గది మాట తర్వాత, ముందు పంచాంగం చూడండి. అమావాస్యకో పౌర్ణమికో దగ్గరగా వచ్చే శని, ఆదివారాలు ఎంచుకోండి.

ఈ ఊరు నది ఒడ్డున ఉందా, సముద్రం ఒడ్డున ఉందా అన్నది వేళను బట్టి ఉంటుంది. ఎదురుగా ఉన్నది గౌతమి, గోదావరి పెద్ద పాయ. కిలోమీటరుకు పైనే వెడల్పు. సముద్రం ఇంకా కొన్ని కిలోమీటర్ల అవతల ఉంది, కళ్లకు ఆనదు. కానీ రోజుకు రెండుసార్లు పోటు తగులుతుంది, అప్పుడు నది వెనక్కి నడుస్తుంది. పొద్దున సముద్రం వైపు కొట్టుకుపోయిన గుర్రపుడెక్క మధ్యాహ్నానికి మళ్లీ ఊరి వైపు తేలుతూ వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సూర్యుడూ చంద్రుడూ ఒక వరసలోకి రావడంతో పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అష్టమి ప్రాంతంలో వెళ్తే రెండూ అంతంతమాత్రం. పైగా పోటు వేళ రోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంటుంది. శనివారం తొమ్మిదింటికి చూసింది ఆదివారం పదింటికి దగ్గరపడుతుంది.

తిథి చూసుకుని ఈ తీరానికి రావడం మన పెద్దలకు కొత్త కాదు. పుష్య మాసంలో వచ్చే చొల్లంగి అమావాస్యనాడు తుల్యభాగ సముద్రంలో కలిసేచోట మునకతో మొదలుపెట్టి, గోదావరి ఏడు పాయల సంగమాల్లోనూ స్నానాలు చేసుకుంటూ మాఘంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరడాన్ని సప్తసాగర యాత్ర అంటారు. వాళ్లు రోజుల తరబడి నడిచారు. మనకి ఉన్నది రెండు రోజులు, కాబట్టి ఒక్క పాయతో సరిపెట్టుకుందాం.

శనివారం పొద్దున్నే కోరంగిలో దిగిపోండి. యానాం ఇంకా పది కిలోమీటర్లు పైనే ఉన్నా, ఆటు వేళ వృథా చెయ్యకూడదు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన మడ అడవి ఇది, 235 చదరపు కిలోమీటర్లు. అడవిలోకి చెక్కల వంతెన వేశారు. పర్యాటకులు ఎక్కువమంది దాని మీద సెల్ఫీలు తీసుకుంటూ చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తారు. నీళ్లు దిగిపోయినప్పుడు వంతెన కిందికి వంగి చూడండి. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్లు వేలకు వేలు కనిపిస్తాయి. బురదలో గాలి ఆడదు కనుక మడ చెట్టు వేళ్లను పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. ఆ వేళ్ల మధ్య గెంతే బురద చేపలు, ఒకే ఒక్క పెద్ద గిట్ట ఎత్తి ఊపే చిన్న పీతలు. మడ, తిల్ల, ఉప్పు పొన్న పక్కపక్కనే ఉన్నా ఒక్కోటి ఉప్పును ఒక్కో రకంగా వదిలించుకుంటుంది. తెల్ల మడ ఆకును నాలుకకు తాకిస్తే తెలిసిపోతుంది, ఉప్పును ఆకు మీదికే చెమటలా వదిలేస్తుంది. బావురు పిల్లి, నీటికుక్కలు ఈ అడవిలో ఉన్నాయి. పట్టపగలు, ఇంత జనం సందట్లో కనపడాలని ఆశపడకండి.

పడవ సంగతి దీనికి తలకిందులు. కాలువలో నీళ్లుంటేనే అది కదులుతుంది. టికెట్టు కిటికీ తెరవగానే పడవ ఎక్కించమని తగువాడేవాళ్లని చూశాను. "పోటు తగల్లేదండీ ఇంకా. ఈలోపు టిఫిను చేసి రండి, ఆయ్" అన్నాడు పడవ నడిపే ఆయన, ఏ మాత్రం కంగారు లేకుండా. ఆయనతో వాదించి లాభం లేదు.

ఈ నిదానమైన కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. ఓడలు కట్టేవాళ్లు, బాగుచేసేవాళ్లు. ఇక్కణ్నుంచి తెలుగువాళ్లు ఎంతమంది బర్మా ఓడలెక్కారంటే, రంగూన్‌లో మనవాళ్లందరికీ కొరంగీలనే పేరు పడిపోయింది. శ్రీకాకుళం మనిషైనా సరే, అక్కడ కొరంగీయే. 1930లో రంగూన్ రేవులో బర్మా కూలీలకూ తెలుగు కూలీలకూ జరిగిన కొట్లాట చరిత్రకెక్కింది. ఈ రేవును రెండు తుపాన్లు దెబ్బతీశాయి. 1789 డిసెంబరులో మూడు పెద్ద కెరటాలు ఊరి మీద పడ్డాయి. ఆ సంగతిని గ్రంథస్థం చేసింది కలకత్తా శాస్త్రజ్ఞుడు హెన్రీ పిడ్డింగ్టన్, సైక్లోన్ అన్న మాటను లోకానికిచ్చింది కూడా ఆయనే. 1839 నవంబరులో వచ్చిన తుపానుతో రేవు పనైపోయింది. అప్పుడు ఇరవై వేల ఓడలు మునిగాయని ఇంటర్నెట్‌లో అందరూ రాస్తుంటారు. దోనెలూ తెప్పలూ కలిపి లెక్కేసినా ఈ కాలువల్లో అన్ని పడతాయా అని నాకు అనుమానమే.

మధ్యాహ్నానికి యానాం. 30 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల్లో 55 వేల పైచిలుకు జనం. రాజధాని పుదుచ్చేరి ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. ఎమ్మెల్యే ఒక్కరు, ఆయన వెళ్లేది అక్కడి అసెంబ్లీకి. హైకోర్టు దాకా పోవాల్సిన తగాదా వస్తే మద్రాసు. ఐఫిల్ టవర్ పోలికతో కట్టిన వంద మీటర్ల టవర్ దూరం నుంచే కనపడుతుంది, దూరం నుంచి చూస్తే చాలు. 1846లో ఫ్రెంచి మిషనరీలు కట్టిన సెయింట్ ఆన్ చర్చి దగ్గర మాత్రం ఆగండి. మీసాల వెంకన్న గుడికీ వెళ్లండి. మీసాలతో దర్శనమిచ్చే వేంకటేశ్వరుడు ఎక్కడపడితే అక్కడ ఉండడు.

ఫ్రెంచివాళ్లు 1723లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. గిట్టుబాటు కాక నాలుగేళ్లకు ఎత్తేశారు, 1731లో మళ్లీ వచ్చారు. 1758లో చందుర్తి దగ్గర ఓడిపోయాక ఉత్తర సర్కారులు చేజారాయి, ఆ తర్వాత యానాం ఇంగ్లీషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ మధ్య పలుమార్లు చేతులు మారింది. చివరికి ఫ్రెంచివాళ్లకు ఈ చుట్టుపక్కల మిగిలింది ఈ కాస్త చెక్కే. చుట్టూరా ఒక చట్టం, లోపల ఇంకోటి. ఆ తేడాను జనం ఎలా వాడుకున్నారో చెప్పే కథల్లో మద్యం చాలా చిన్నది. 1929లో బ్రిటిష్ ఇండియా శారదా చట్టం చేసింది. అమ్మాయికి 14, అబ్బాయికి 18 నిండకుండా పెళ్లి చేస్తే నేరం. యానాంలో ఆ చట్టం లేదు. గోదావరి జిల్లాల నుంచే కాదు, ఇంకా దూరం నుంచి కూడా పెళ్లివారు బాజాలతో సహా సరిహద్దు దాటి వచ్చి, ఒడిలో కూర్చునే పిల్లలకు మూడుముళ్లు వేయించుకుని వెళ్లారు. ఊరికి కల్యాణపురం అని పేరొచ్చింది. వినడానికి ఎంత ముచ్చటైన పేరో! దాని వెనక ఉన్నది చదువూ బాల్యమూ పోగొట్టుకున్న ఆడపిల్లలు. ఊరి గురించిన కరపత్రాల్లో ఈ పేరును ఘనకార్యంగా రాస్తుంటే నాకు మింగుడుపడదు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఏడేళ్ల దాకా ఇక్కడ ఫ్రెంచి జెండాయే ఎగిరింది. దాన్ని దించే ఉద్యమానికి ముందు నిలిచిన దడాల రఫేల్ రమణయ్య ఫ్రెంచి ప్రభుత్వంలోనే పోలీసు ఇనస్పెక్టరుగా చేసిన మనిషి. 1954 జూన్ 13న యానాం విముక్తమైంది. నవంబరు 1న పాలన భారత్ చేతికి వచ్చింది. కాగితాల మీద పూర్తయ్యేసరికి 1962 ఆగస్టు 16. ఆ రోజుల సంగతి తెలుసుకోవాలంటే బొల్లోజు బాబా రాసిన 'ఫ్రెంచి పాలనలో యానాం' చదవండి.

సాయంత్రం ఊరంతా గౌతమి ఒడ్డుకు వస్తుంది. రాజీవ్ బీచ్ అంటారు గానీ అది ఏటిగట్టే. బజ్జీలు, ముంతకింద పప్పు, బొమ్మలు, బోలెడు విగ్రహాలు. అవతల ఎదుర్లంక వైపు సాగే వంతెన 2002లో మొదలైంది. ఆ ఏడాదే హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. అంతకు ముందు కోనసీమ వెళ్లాలంటే పంటు కోసం రేవులో పడిగాపులే.

ఇక తిండి. వరద నీళ్లు ఎర్రగా దిగే రోజుల్లో సముద్రంలోని ఇలస ఏటికి ఎదురీది పులస అవుతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా యానాం రేవులో దాన్ని వేలం వేస్తారు, ఒక్కో చేప వేల రూపాయలు పలుకుతుంది. పుస్తెలమ్మి తినాలన్న సామెతను హోటళ్లవాళ్లు బోర్డుల మీద రాసుకుని మరీ వసూలు చేస్తారు. అన్‌సీజన్‌లో ఎవరైనా పులస ఉందంటే నమ్మకండి, వేరే చోటి నుంచి ఐసులో వచ్చిన ఇలస అయ్యుండొచ్చు. పులుసు పెట్టిన పూట కాక మర్నాడు తినాలి, ముళ్లతో ఓపిక ఉండాలి. నన్నడిగితే చీరమేనే గొప్ప. తూర్పు గాలి తిరిగాక, దసరా–దీపావళి రోజుల్లో నది మొగల్లో దొరికే సన్నటి చేపపిల్లలు. తూకం వేసి కాదు, కొలిచి అమ్ముతారు. మసాలా వేసి కూర చేస్తారు, పప్పుతో కలిపి గారెలు వేస్తారు. ముల్లు తీసే పనే లేదు.

ఆదివారం వీలుంటే, అటవీ శాఖ అనుమతి, పడవ రెండూ కుదిరితే, హోప్ ఐలాండ్ చూడొచ్చు. కాకినాడ ఎదురుగా పదహారు కిలోమీటర్ల పైన పొడవున సాగే ఇసుక దిబ్బ అది. గోదావరి తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరానికి నెడితే గత రెండు వందల ఏళ్లలో లేచిన నేల. ఇప్పుడది కాకినాడ రేవుకు అడ్డుగోడ. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టేదీ అక్కడే. ధవళేశ్వరంలో కాటన్ 1852కల్లా ఆనకట్ట పూర్తిచేశాక ఈ డెల్టాకు అన్నం దొరికింది. ఎగువన ఆనకట్టలు పెరిగేకొద్దీ ఇసుక దిగడం మాత్రం తగ్గింది. ఆ పక్కనే ఉప్పాడలో ఇళ్లూ రోడ్డూ ఏటా సముద్రంలో పడుతున్నాయి.

ఎప్పుడు వెళ్లాలంటే, ఆగస్టులో పులస ఉంటుంది గానీ వరద ఉంటే పడవలుండవు. 2022 జులైలో ఊళ్లోకే నీళ్లొచ్చాయి. వేసవిలో ఉక్క. నా ఓటు దీపావళి అమావాస్యకో కార్తీక పౌర్ణమికో. వలస పక్షులు దిగుతాయి, చీరమేను ఉంటుంది, పోటు దండిగా ఉంటుంది. కాకపోతే 1839 తుపానూ, భైరవపాలెం జాలర్లను పొట్టన పెట్టుకున్న 1996 తుపానూ నవంబరులో వచ్చినవే. అల్పపీడనం అన్న మాట వినపడితే టికెట్టు రద్దు చేసుకుని, వచ్చే పక్షానికి మార్చుకోండి.