ఈదురుగాలికి ఇంటికప్పు నిలుచుట యెట్లు?

తుఫాను అనగానే మనకు సముద్రతీరమే జ్ఞప్తికి వచ్చును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను, 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుఫానును తెలుగువారు మరువలేదు. షాద్‌నగర్ ప్రాంతము సముద్రమునకు బహుదూరమున నున్నది గనుక మనకు గాలిభయము లేదని పలువురు తలంతురు. అది సరికాదు. 2024 మే 26న వీచిన గాలివానకు నాగర్‌కర్నూలు జిల్లా ఇంద్రకల్ గ్రామమున కట్టుచున్న కోళ్లఫారము గోడ కూలి నలుగురు మరణించిరి. ఆ గ్రామము పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే.

మన మెట్టప్రాంతమున గాలివానలు హెచ్చుగా ఏప్రిల్, మే నెలలలో మధ్యాహ్నము దాటిన పిదప వచ్చును. ఎండకు వేడెక్కిన గాలి పైకి లేచి పెద్ద మేఘములగును. ఆ మేఘముల నుండి చల్లని గాలి ఒక్కుమ్మడిగా నేలకు దిగి నలుదిక్కులకు వ్యాపించును. అదియే ఈదురుగాలి. తుఫాను రాకను కొన్ని దినములు ముందుగా తెలుపవచ్చును. ఈదురుగాలి విషయమున అంత వ్యవధి యుండదు. కావున ఇల్లు ముందుగనే సిద్ధమై యుండవలెను. హైదరాబాదులో కట్టడములకు గంటకు సుమారు 158 కిలోమీటర్ల గాలివేగమును లెక్కలోనికి తీసికొనవలెనని భారతీయ ప్రమాణము విధించుచున్నది.

గాలి కప్పును క్రిందికి అణచునని కొందరి భావన. నిజమునకు రేకులకప్పును గాలి పైకి లాగును. కప్పు మీదుగా గాలి వడిగా సాగునపుడు అచ్చట పీడనము తగ్గును. తెరచియున్న తలుపు గుండ జొరబడిన గాలి లోపలినుండి పైకి త్రోయును. అర మిల్లీమీటరు మందముగల ఇనుపరేకు చదరపు మీటరుకు సుమారు 4 కిలోల బరువు మాత్రమే. గంటకు 100 కిలోమీటర్ల గాలి యొత్తిడియో చదరపు మీటరుకు సుమారు 47 కిలోలు. వేగము రెట్టింపైనచో ఒత్తిడి నాలుగింతలగును.

ఇందువలన రేకులపై రాళ్లు పెట్టుట రక్షణ కాజాలదు. రేకు లేచిననాడు ఆ రాయి క్రింద నున్నవారి తలపై పడును. రాళ్లను దింపి ఈ క్రింది పనులు చేయించుట మేలు.

1. రేకులను మేకులతో గాక, వెడల్పయిన వాషర్లు గల కొక్కెపు బోల్టులతో అడ్డపట్టీలకు బిగింపవలెను. చూరు, మూలలు, నడికొప్పు వద్ద లాగుడు అధికము గనుక అచ్చట బోల్టులు దగ్గరదగ్గరగా నుండవలెను. సొమ్ము చాలనివారు ముందుగా ఈ భాగములనే చూచుకొనవలెను.

2. అడ్డపట్టీలను గోడకు ఇనుపకడ్డీలతో కట్టవలెను. కడ్డీని గోడలో లోతుగా దింపి కాంక్రీటు పోయవలెను. పైవరుస ఇటుకలలో మాత్రమే పాతిన కడ్డీ ఆ వరుసతోనే లేచిపోవును.

3. చూరు గోడను దాటి అర మీటరుకు మించరాదు. వసారాకప్పును ఇంటికప్పుతో కలుపక వేరుగా వేయవలెను. అపుడు వసారా లేచిపోయినను ఇల్లు దక్కును.

4. పూరికప్పుపై త్రాళ్లవల పరచి, దాని కొసలను నేలలో లోతుగా పాతిన గుంజలకు బిగింపవలెను.

5. కప్పు పడని పొడవైన గోడలకు గాలికాలమున ఊతకఱ్ఱలు పెట్టవలెను. మబ్బు పట్టినపుడు కూలీలను ఆ గోడల చాటున నిలువనీయరాదు.

పంచాయతీ సభ్యులకు మా మనవి యేమనగా, ఏటేట మార్చినెల ముగియులోపల ప్రతి సభ్యుడును తన వార్డులోని రేకుల యిండ్లను, కూలుటకు సిద్ధముగానున్న గోడలను చూచి జాబితా వ్రాయవలెను. దానిని గ్రామసభలో చదివి, బడి, అంగన్‌వాడీ కప్పులను మొదట సరిచేయించవలెను. కప్పులపైకి వంగిన కొమ్మలను నరికించవలెను. తీగలకు తగులుచున్న కొమ్మలను మాత్రము విద్యుచ్ఛాఖవారిచేతనే తీయించవలెను. తీగ తెగిపడినచో ఎవ్వరును దరిజేరకుండ చూచి 1912కు ఫోను చేయవలెను. గాలినాడు బలహీనమైన యిండ్లవారు తలదాచుకొనుటకు ఏ పక్కాభవనము తెరువవలెనో, దాని తాళపుచెవి ఎవరి వద్ద నుండవలెనో ముందుగనే నిర్ణయింపవలెను.

గాలి లేచిన పిదప రేకు పట్టుకొనుటకు పైకెక్కినవాడు ప్రాణములకు తెగించినవాడే. బోల్టు బిగించుటకు తగిన సమయము గాలి లేని నాడు.