వాక్‌మన్‌కు రెండో కన్నం ఎందుకు?

1979 జులై 1న జపానులో సోనీ కంపెనీ అమ్మకానికి పెట్టిన వాక్‌మన్‌లో కొత్తగా కనిపెట్టింది తక్కువే. విలేఖరుల చిన్న టేప్‌రికార్డర్‌లోంచి రికార్డింగు, స్పీకరు తీసేసి, తేలికపాటి హెడ్‌ఫోన్లు తగిలించారు. అంతే! రికార్డు చెయ్యని యంత్రాన్ని ఎవరు కొంటారని కంపెనీలోనే సణిగారట.

నాకు నచ్చింది మరొకటి. ఒక్కరే వినడం మర్యాద కాదని అధిపతి మొరీటా ఇద్దరు వినేందుకు రెండు కన్నాలు పెట్టించాడు. పాట నడుస్తుండగానే పక్కవారితో మాట్లాడేందుకు నారింజరంగు మీట కూడా! మా పల్నాడు పల్లెల్లో టేప్‌రికార్డరు అరుగెక్కితే 'దానవీరశూర కర్ణ' (1977) డైలాగులు వీధంతా వినేది. ఆ కన్నాల అవసరమే లేదు.

తర్వాతి మోడళ్ళలో ఆ మీటా పోయింది, రెండో కన్నమూ పోయింది. ఇవాళ మా మిరపచేలో ఎవరి ఫోను వారి చెవుల్లోనే. పక్క సాలులోంచి మంచినీళ్ళడిగినా వినిపించదు.