రేగడి నేలయందు ఇంటి బాట వేయు విధము

మన దివిసీమ గ్రామములలో క్రొత్తగా ఇల్లు కట్టుకొనువారు గోడలకును, కప్పునకును, రంగులకును ధారాళముగా వెచ్చింతురు గాని, పంచాయతీ రోడ్డునుండి తమ వాకిటివఱకు గల బాటను గూర్చి తలంపనే తలంపరు. ఎండకాలమున ఆ లోపము కనబడదు. నేల ఇనుమువలె నుండును. కాలువలకు నీరు వదలి, రెండు వానలు పడిన పిమ్మట తెలియును. ధాన్యపు బస్తాలతో నున్న ట్రాక్టరు తొట్టి ఇరుసువఱకు దిగబడును. పురిటి నొప్పులు పడుచున్న ఆడుకూతురికై పిలిచిన 108 వాహనము వాకిటికి రాలేక రోడ్డుమీదనే నిలిచిపోవును. ఆమెను మోకాటిలోతు బురదలో మంచముపై మోసికొని పోవలసి వచ్చును. ఏబది అరువది అడుగుల దూరమే గదా యని ఉపేక్షింపబడిన బాట ఆ రాత్రి ఏబది మైళ్లయి కూర్చుండును.

వెచ్చించువారును లేకపోలేదు. అయితే వారి వెచ్చమంతయు పైపైననే. ఏటేటా వానలకు ముందు రెండు ట్రాక్టర్ల గ్రావెలు తెప్పించి బురదమీద పోయుదురు. మఱుసటి యేటికి అది కనబడదు. దొంగలెవరును ఎత్తుకొని పోలేదు. మెత్తబడిన రేగడి దానిని మ్రింగినది. పది యేండ్లు ఇట్లు చేసిన గృహస్థు ఇరువది ట్రాక్టర్ల గ్రావెలును భూదేవికి సమర్పించుకొని, తుదకు ఆ బురదలోనే నిలిచియుండును. ఆ సొమ్ములో కొంతతోనే ఒకేసారి క్రమముగా వేసిన బాట చిరకాలము నిలుచును. ఆ క్రమమేదో ఈ నెల వివరింపదలచితిమి.

ముందు నేల స్వభావము. మన రేగడియందు మాంట్‌మొరిల్లొనైటు అను అతి సన్నని బంకమన్ను కలదు. దాని రేణువులు పొరలు పొరలుగా నుండి, పొరల నడుమ నీటిని చేర్చుకొని ఉబ్బును. ఎండినపుడు ఆ నీటిని విడిచి కుదించుకొనును. వేసవిలో చేయి దూరునంతటి నెఱ్ఱెలు విచ్చుటకు ఇదియే కారణము. వరికి మేలుచేయు ఈ గుణమే బాటకు శత్రువు. తడిసిన రేగడికి బరువును మోయు శక్తి లేదు. ఎండిన రేగడి నిలుకడగా నుండదు.

మీ నేల యెంతవఱకు ఉబ్బునో తెలిసికొనుటకు ఇంటిలోనే ఒక పరీక్ష చేయవచ్చును. బాట వేయదలచిన చోట జానెడు లోతు మట్టి తీసి, బాగుగా ఆరబెట్టి, పొడిచేసి, సన్నని జల్లెడ పట్టుడు. ఒకే కొలతగల రెండు సన్నని గాజు గ్లాసులలో సమానముగా ఆ పొడి వేసి, ఒకదానిలో కిరోసినును, రెండవదానిలో మంచినీటిని నింపి, పుల్లతో కలిపి ఒక దినము కదల్పక యుంచుడు. కిరోసినులో మన్ను ఉబ్బదు. నీటి గ్లాసులోని మట్టి దానికంటె ఎంత హెచ్చుగా నిలిచినదో చూడుడు. సగమునకు మించి హెచ్చినచో అది మిక్కిలి ఉబ్బు నేల యని నిశ్చయింపవలెను. ప్రయోగశాలలలో చేయు పరీక్షయు ఇట్టిదే. వారు కొలత గీతలున్న గొట్టములు వాడుదురు, అంతియే భేదము.

ఈ బాధ మనకు మాత్రమే వచ్చినదని తలంపరాదు. గుడివాడ, అవనిగడ్డ ప్రాంతములనుండి అమెరికాకు పోయి ఉత్తరపు చలిరాష్ట్రములలో ఇండ్లు కొనుకొన్న మన పిల్లలను అడిగి చూడుడు. అచ్చట రేగడి చేయు పనిని మంచు చేయును. నీరు గడ్డకట్టునపుడు సుమారు నూటికి తొమ్మిది పాళ్లు పెరుగును. అంతేగాక గడ్డకట్టుచున్న చోటు క్రిందినుండి తడిని పైకి పీల్చుకొని, భూమిలో మంచు పలకలు పేరుకొనునట్లు చేయును. ఆ పలకలు బాటను పైకెత్తును. వసంతమున కరగి దానిని బురదలో దించును. మిన్నెసోటా రాష్ట్రమున ఈ మంచునకు వెఱచియే ఇంటి పునాదులను ప్రాంతమునుబట్టి 42 మొదలు 60 అంగుళముల లోతునకు దింపవలెనని నియమము కలదు. బాట వేయునపుడు వారు చేయునదేమనగా, చెడ్డ మన్ను తీసి, నీరు నిలువని రాయి నింపి, ప్రక్కలకు నీటిని పోనిచ్చుట. అక్కడ మంచు, ఇక్కడ బంక. రెంటికిని ఆహారము నీరే. 1816లో ఇంగ్లాండునందలి బ్రిస్టలు రోడ్ల సర్వేయరుగా నియమింపబడిన మెకాడము దొర స్థాపించిన సూత్రమును ఇదియే: బరువును నిజముగా మోయునది పైరాయి కాదు, అడుగున నున్న స్వంత నేల, దానిని పొడిగా నుంచగలిగినచో అది మోయును.

కాబట్టి మొదట ఆలోచింపవలసినది నీటిపోకను గూర్చి. మన డెల్టాలో ఇది సులభము కాదు. భూమి పళ్లెమువలె సమముగా నున్నది. అనేక చోట్ల రోడ్డు ఇంటి దొడ్డికంటె ఎత్తుగా నుండును, రోడ్డు ప్రక్క మురుగుకాలువ అడుగు దొడ్డితో సమానముగా నుండును. కంటితో చూచి వాలు చెప్పుట పెద్ద మేస్త్రికిని సాధ్యము కాదు. మేస్త్రులు వాడు పారదర్శకపు గొట్టమున నీరు నింపి, మేకులు పాతి, ఇంటి అరుగు, దొడ్డి, రోడ్డు, మురుగు కాలువ అడుగు, ఈ నాలుగింటి మట్టములను కాగితముపై వ్రాసికొనుడు. వానాకాలమున నీరు సహజముగా ఏ దిక్కునకు పోవుచున్నదో ముందే గుర్తు పెట్టుకొన్నచో మఱింత మేలు. బాట ఉపరితలము దొడ్డికంటె కనీసము ఒక అడుగు ఎత్తుగాను, అరుగుకంటె తక్కువగాను ఉండవలెను. బాట ప్రక్క బోదెకు 200 అడుగులకు ఒక అడుగు వాలు, అనగా 60 అడుగుల బాటకు సుమారు మూడున్నర అంగుళములు, తప్పక యుండవలెను.

ఇక బాట రోడ్డున కలియు చోటు. మోపిదేవి పరిసర గ్రామములలో మేము చూచిన చెడ్డ బాటలలో హెచ్చుపాలు చెడినది ఇచ్చటనే. రోడ్డు ప్రక్క మురుగును దాటుటకు కొందఱు మట్టితో పూడ్చివేయుదురు. కొందఱు తాటిమొద్దులు పఱతురు. కొందఱు ఆరంగుళముల గొట్టము నొకదానిని వేసి తృప్తిపడుదురు. ఆ గొట్టము తొలివానకే అరటి దవ్వలతోను, ప్లాస్టికు సంచులతోను మూసికొనిపోవును. అప్పుడు పై యింటివారి వాకిట నీరు నిలుచును. వారు కోపముతో గండి కొట్టుదురు. ఇరుగుపొరుగుల మధ్య తరములుగా నున్న మైత్రి ఒక సిమెంటు గొట్టమునకై చెడుట మేము కన్నులార చూచితిమి. పంచాయతీవారి అనుమతి పొంది, మురుగుకాలువ వెడల్పును బట్టి కనీసము 12 అంగుళముల వ్యాసముగల తూములను, సాధ్యమైనచో 18 అంగుళములవానిని వేయుడు. తూము అడుగు కాలువ అడుగునకు సమముగానైనను, ఒక అంగుళము క్రిందుగానైనను ఉండవలెను. ఎత్తుగా నున్నచో ఆ యెత్తుమేర నీరు సదా నిలిచియే యుండును. తూముపై అడుగునకు తక్కువ కాకుండ మట్టి కప్పి దిమ్మిసతో గట్టిపఱుపవలెను. రెండు నోళ్లయొద్దను ఇటుకగోడ కట్టుడు.

తరువాత త్రవ్వకము. పది అడుగుల బాటకు పండ్రెండు అడుగుల వెడల్పున గడ్డి, వేళ్లు, చెత్త గల పైమన్ను ఎనిమిది అంగుళములు తీసివేయుడు. ఆ మన్నును పాఱవేయకుడు. కొబ్బరి పాదులకును పెరటి మళ్లకును అది బంగారము. అడుగున కనబడు రేగడిని ఆరంగుళముల లోతు గునపముతో గాని, ట్రాక్టరు రోటవేటరుతో గాని గుల్లచేసి, పెళ్లలు నలిపి, పొడి సున్నము కలుపవలెను. ఎండిన మట్టి తూకములో నూటికి నాలుగు పాళ్లు చాలును. 60 అడుగుల పొడవునకు లెక్క చూడగా సుమారు ఆఱు క్వింటాళ్లగును. సున్నము క్రొత్తదిగా నుండవలెను. తెఱచిన సంచులలో నెలలకొలది గాలికి చచ్చిన సున్నము వట్టి పొడియే. కలిపి, తడిపి, తేలికగా అదిమి ఒకటి రెండు దినములు విడిచిపెట్టినచో బంక విఱిగి మన్ను రవరవగా నగును. అప్పుడు మఱల కలిపి రోలరు నడపవలెను. గుప్పెట పట్టిన ముద్ద విడిపోక, చేతికి తడి అంటక యుండుటయే తగిన పదును. ఆ పైన ఏడు దినములు నీరు చల్లుచు తడి ఆఱకుండ చూడుడు. సున్నము చల్లువారు కన్నులకును ముక్కునకును గుడ్డ కట్టుకొనవలెను. రైసు మిల్లులలో ఊక కాల్చిన బూడిద దొరకినచో సున్నముతో కూడ కలుపవచ్చును, బలము హెచ్చును. సున్నము లేక బూడిద యొక్కటియే వేసినచో ప్రయోజనము స్వల్పము.

ఉబ్బు నేలపై ఉబ్బని బంకమట్టిని మందముగా పఱచి దానిని అణచి యుంచు పద్ధతిని బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యులైన కట్టిగారు కనిపెట్టిరి. అది కాలువ గట్లకును, పెద్ద కట్టడములకును మిగుల ఉపయోగపడినది. ఇంటి బాటకు సున్నమే చౌక యని మా అభిప్రాయము.

ఇసుకను గూర్చి ఒక హెచ్చరిక. కృష్ణ ఇసుక చేరువనే యున్నది గనుక పలువురు త్రవ్విన గోతిలో ఇసుక నింపి పైన రాయి పఱచుదురు. గోతికి ప్రక్కనుండి నీరు వెడలు మార్గము లేనిచో అది బాట కాదు, తొట్టి. వాననీరు ఇసుకలో దిగి, రేగడి అడుగుపై నిలిచి, దానిని నెలల తరబడి నానవేయును. ఇసుక వేయుట మంచిదే; మూడంగుళములు వేయుడు, కాని ఆ పొర రెండు ప్రక్కల బోదెల గట్లవఱకు సాగి, బోదెలోనికి తెఱచుకొని యుండవలెను. బోదె అడుగు ఆ పొరకంటె ఒక అడుగు లోతుగా నుండవలెను.

దానిపై ఎఱ్ఱ గ్రావెలు, అదిమిన పిమ్మట ఆరంగుళములుండునట్లు, రెండు పొరలుగా వేయుడు. ఒకేసారి పోసినచో రోలరు బరువు అడుగునకు చేరదు. పైన చెప్పిన కొలతకు విడి గ్రావెలు సుమారు నాలుగున్నర యూనిట్లు పట్టును (యూనిటు అనగా 100 ఘనపుటడుగులు). బాట తాబేటి వీపువలె నుండవలెను: పది అడుగుల వెడల్పునకు నడుమ అంచులకంటె రెండు రెండున్నర అంగుళములు ఎత్తు. ఆ పైన మూడంగుళముల కంకరను క్వారీ బూడిదతో కలిపి తడిపి అదిమినచో చక్కని పైపూత యగును. గుండ్రని గులకరాయి పనికిరాదు. పగులగొట్టిన రాయియే కోణములతో ఒకదాని నొకటి పట్టుకొనును. అంచులకు ఇటుకలు నిలువుగా పాతువారు నాలుగైదు అడుగుల కొకచోట సందు విడువవలెను, లేనిచో గట్టు కట్టినట్లే.

సిమెంటు బాటయే కావలెననువారు కలరు. తప్పు లేదు, కాని పై పని యంతయు చేసిన తరువాతనే. రేగడిమీద నేరుగా పోసిన సిమెంటు పలక అంచులయొద్ద వేసవిలో మన్ను ఎండి దిగిపోవును, నడుమ తడి నిలిచి ఎత్తుగా నుండును. పలక నిలువునా బీటలు వాఱును. బరువైన ట్రాక్టరు తిరుగు బాటకు అయిదారంగుళముల మందము, పదేసి అడుగుల కొక అతుకు అవసరము. చక్రములకు మాత్రము రెండు పట్టీలు పోసి నడుమ మట్టి విడుచు పద్ధతిని మేము మెచ్చము. ఆ నడిమి గాడియందు నీరు నిలుచును.

ఇంకుడు గుంతను గూర్చి పలువురు అడుగుచున్నారు. మెట్ట ప్రాంతపు ఎఱ్ఱనేలలకు అది వరము. మన రేగడిలో నీరు ఇంకదు, వానాకాలమున భూగర్భజలము పైననే యుండును. ఆ గుంత దోమల తొట్టి యగును. కప్పునుండి జాఱు నీటిని, స్నానపు నీటిని బాట అంచున విడువక వేఱు కాలువ ద్వారా పంపుడు. పెద్ద చెట్లు రేగడిలోని తడిని పీల్చి నేలను దింపును గనుక రావి, నిద్రగన్నేరు వంటివానిని, ఎంత ఎత్తు పెరుగునో ఇంచుమించు అంత దూరమున నాటుట మేలు.

ఎట్టి బాటయు ఉప్పెనను ఆపదు. 1977 నవంబరు 19వ తేదీ నాటి కెరటమును ఎఱిగినవారికి ఆ మాట చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరు ఆరంభమున ప్రకాశం బరాజునుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదలినపుడు లంక గ్రామములు మునిగినవి. అట్టి చోట్ల నీరు బాటపై పొర్లి దిగువ ప్రక్కను కోయును. ఆ ప్రక్క వాలును ఏటవాలుగా తీర్చి గరికగాని వట్టివేరుగాని నాటవలెను. నీరు తీసిన వెంటనే బరువు బండ్లను నడపకుడు. అడుగు నేల ఆఱుటకు వ్యవధి యియ్యవలెను.

ఈ పనికి మినుము తీసిన పిమ్మట మార్చి, ఏప్రిలు, మే మాసములు తగినవి. ఒక్క ఇంటికై రోలరు తెప్పించుట భారము. ఒక వీథిలోని అయిదారుగురు సభ్యులు కలిసి తెప్పించుకొన్నచో బాడుగ పంచుకొనవచ్చును, గ్రావెలు బేరమును కుదురును, అన్నిటికంటె ముఖ్యముగా వీథి తూములన్నియు ఒకే మట్టమున పడును. మొదటి వానాకాలమున చిన్న గుంటలు తప్పక ఏర్పడును. వానిని రేగడితో పూడ్చక, అంచులు చెక్కి, గ్రావెలుతో నింపి దిమ్మిస కొట్టుడు. తూము నోటిని వానలకు ముందొకసారి, కాలువలు వదలిన తరువాత నెల కొకసారి పారతో తీసి చూచుకొనుడు.