వచనములను చూపించు దుర్బోధ: ఏరియస్ వివాదము నేర్పు పాఠము

ఒక గ్రామ సంఘములో సంఘపెద్ద ఒకరు మా చేతికి చిన్న పుస్తకమునిచ్చి, "అయ్యగారూ, ఇందులోని వచనాలన్నీ మన బైబిలులోవే గదా, మరి ఇది దుర్బోధ ఎలా అవుతుంది?" అని అడిగిరి. క్రీస్తు దేవునిచేత మొట్టమొదట సృష్టింపబడినవాడు మాత్రమే అనునది ఆ పుస్తక సారాంశము. ఆ దినమున మేము సరియైన జవాబు ఇయ్యలేకపోతిమి. కొలది కాలమునకే ఆ కుటుంబము సహవాసమును విడిచిపోయెను.

ఆ ప్రశ్న క్రొత్తది కాదు. నాల్గవ శతాబ్దములో ఐగుప్తులోని అలెక్సంద్రియ సంఘమునకు చెందిన ఏరియస్ అను పెద్ద ఇదే బోధ చేసెను. అతడు లేఖనములను త్రోసివేయలేదు. సామెతలు 8:22ను, కొలొస్సయులకు 1:15లోని "ఆదిసంభూతుడు" అను పదమును ఆధారముగా చూపెను. తన బోధను పాటలుగా కూడ కట్టెను. క్రీ.శ. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి పిలిపించిన నైసియా సభ ఆ బోధను ఖండించి, కుమారుడు తండ్రితో ఏకతత్త్వము గలవాడని ఒప్పుకొనెను.

ఈ వివాదమునుండి మనము మూడు సంగతులు నేర్చుకొనవచ్చును.

మొదటిది, వచనమును దాని సందర్భములో చదువవలెను. కొలొస్సయులకు 1:16 ప్రకారము సర్వమును క్రీస్తునందు సృజింపబడెను. అట్లయిన 15వ వచనము ఆయనను సృష్టిలో ఎట్లు చేర్చును? యెష్షయి కుమారులలో కడపటివాడైన దావీదును దేవుడు జ్యేష్ఠునిగా చేయుదునని కీర్తన 89:27లో చెప్పెను. కాబట్టి ఇక్కడ ఆ పదము పుట్టుక వరుసను గాక, అధికారమును సూచించుచున్నది.

రెండవది, ఆ బోధను అంగీకరించినయెడల మన రక్షణ ఏమగునని అడుగవలెను. అతనాసియస్ ఈ ప్రశ్ననే ముందుంచెను. సృష్టింపబడినవాడు మనలను దేవునితో ఐక్యపరచలేడు. అట్టివానిని ఆరాధించుట విగ్రహారాధనయే.

మూడవది, జనబలమును గాని అధికారుల ఆదరణను గాని సత్యమునకు గురుతుగా ఎంచరాదు. నైసియా తరువాత కొందరు చక్రవర్తులు ఏరియస్ పక్షమును ఆదరించిరి. అతనాసియస్ ఐదు పర్యాయములు ప్రవాసమునకు పంపబడెను. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ నైసియా విశ్వాసమును మరల స్థిరపరచెను.

అయితే ఒక హెచ్చరిక. మనతో ఏకీభవించని ప్రతివానిని దుర్బోధకుడని పిలువకూడదు. ఆహారము, దినముల ఆచరణ వంటి భేదములను సహించుమని రోమీయులకు 14వ అధ్యాయము బోధించుచున్నది. క్రీస్తు ఎవరు, ఆయన మనకొరకు ఏమి చేసెను అనునదే ఇక్కడి ప్రశ్న.

మన సంఘములలో అనేకులు విశ్వాస ప్రమాణమును కంఠస్థముగా పలుకుదురు. అందులోని మాటలు ఏ పోరాటమువలన చేరెనో వారికి ఎవరు చెప్పిరి? ఆ పెద్ద అడిగిన ప్రశ్న మంచిది. ముందుగా నేర్పని లోపము మాదే. బాప్తిస్మమునకు సిద్ధపడువారి తరగతిలోనే దీనిని బోధించుట కాపరులమైన మన బాధ్యత.